అప్‌డేట్ వస్తుంది, యాంటీవైరస్ ఆపేస్తుంది: మా నెట్ సెంటర్‌లో నేను పాటించే పద్ధతి

కిందటేడు నవంబరు మొదటి వారంలో ఒక పెద్దాయన సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి నరసాపురంలోని మా నెట్ సెంటర్‌కి వచ్చారు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. పెన్షన్ ఆగకూడదంటే ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికోసం వచ్చారు. జీవన్ ప్రమాణ్ తెరిచి, ఆధార్ నంబర్ కొట్టి, వేలిముద్ర మెషీన్ ఆయన ముందుకు జరిపాను. వేలు పెట్టారు. లైట్ వెలగలేదు. తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ పెట్టారు. మూడోసారి బయటికెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చారు. "తోటపనికి నా వేళ్ళు అరిగిపోయినట్టున్నాయమ్మా" అన్నారు.

తప్పు ఆయన వేలిది కాదండి. ముందురోజు రాత్రి ఆ మెషీన్‌ని నడిపే ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాం తనంతట తాను అప్‌డేట్ అయింది. కొత్తగా వచ్చిన ఫైల్‌ని యాంటీవైరస్ అనుమానించి క్వారంటైన్‌లో, అంటే పనిచెయ్యకుండా విడిగా, పెట్టేసింది. పొద్దున్నే కుడివైపు కింద మూలలో దాని మెసేజ్ వచ్చే ఉంటుంది, ఫారాలు ప్రింట్ తీసే హడావుడిలో నేను చూడలేదు. ఆ రోజు ఆయన పని ఫోన్‌లో ముఖం చూపించి పూర్తిచేశాం. జీవన్ ప్రమాణ్‌కి ఫేస్ అథెంటికేషన్ 2021 నవంబరు నుంచే ఉంది. కానీ తన వేళ్ళనే తప్పుపట్టుకుంటూ ఆయన కూర్చున్న ఆ అరగంట నాకు చాలా బాధనిపించింది. అప్పటినుంచి ఈ విషయాన్ని పట్టుకుని, నేర్చుకుని, ఒక పద్ధతి పెట్టుకున్నాను. నెట్ సెంటర్లు నడిపేవాళ్ళకీ, రైస్ మిల్లుల్లో, రొయ్యల మేత దుకాణాల్లో లెక్కలు చూసేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను.

"నిన్ననే కదండీ పర్మిషన్ ఇచ్చాను, మళ్ళీ ఇవాళ ఎందుకు అడ్డుకుంటోంది?" అని నన్ను చాలామంది అడుగుతారు. అసలు చిక్కు అక్కడే ఉంది. యాంటీవైరస్ ఒక ఫైల్‌ని పేరు చూసి నమ్మదు. ఫైల్‌లో ఉన్నదంతా లెక్కగట్టి ఒక పొడవాటి గుర్తు తయారుచేసుకుంటుంది. దాన్ని హాష్ అంటారు. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. అప్‌డేట్ అంటేనే ఫైల్ మారడం కాబట్టి, నిన్న మీరు ఓకే చెప్పిన ఫైల్ వేరు, ఇవాళ వచ్చిన ఫైల్ వేరు. పైగా కొన్ని ప్రోగ్రాములు వెర్షన్ మారిన ప్రతిసారీ కొత్త నంబర్‌తో కొత్త ఫోల్డర్ చేసుకుంటాయి. మీరు పాత ఫోల్డర్‌కి ఇచ్చిన అనుమతి కొత్తదానికి వర్తించదు.

ఇంకో కారణం కూడా ఉంది. అప్‌డేట్ చేసే ప్రోగ్రాం మనల్ని అడక్కుండా నెట్‌కి వెళ్తుంది, ఫైల్ దింపుతుంది, ఉన్న ఫైళ్ళు తీసేసి కొత్తవి పెడుతుంది, కంప్యూటర్ ఆన్ కాగానే తనూ లేస్తుంది. వైరస్ చేసే పనులూ ఇవే. పెద్ద కంపెనీల ఫైళ్ళయితే కొన్ని గంటల్లోనే లక్షల కంప్యూటర్లలోకి వెళ్ళి యాంటీవైరస్ కంపెనీలకి పరిచయమైపోతాయి. వేలిముద్ర మెషీన్లు, డిజిటల్ సంతకం టోకెన్లు, ఊరివాళ్ళు రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాములు వాడేవాళ్ళు తక్కువ. అందుకే వాటిమీద అనుమానం ఎక్కువ. మా సెంటర్‌లో చిక్కులన్నీ దాదాపు ఇలాంటి వాటితోనే.

విసుగొచ్చి అప్‌డేట్లు, యాంటీవైరస్ రెండింటిలో ఏదో ఒకటి శాశ్వతంగా ఆపేసినవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు, దాన్ని ఆపగల విండోస్ అప్‌డేట్ అప్పటికి రెండు నెలల కిందే, మార్చి 14నే వచ్చేసింది. అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లే దొరికిపోయాయి. పోనీ అప్‌డేట్లు ఉంచుకుని యాంటీవైరస్ తీసేద్దామా అంటే, అదే ఏడాది జూన్ 27న ఉక్రెయిన్‌లో నాట్‌పెట్యా అనే ఇంకో వైరస్ మొదలైంది ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రూపంలోనే. కాబట్టి రెండూ ఉండాలి. ఏది ఎక్కడ అడ్డుపడుతోందో చూసి, సరిగ్గా అంతమేరకే దారి ఇవ్వాలి.

మొదట చేయాల్సింది మెసేజ్ మూసెయ్యకుండా ఫోన్‌తో ఫొటో తీసుకోవడం. అందులో మూడు సంగతులుంటాయి: ఫైల్ పేరు, అది ఏ ఫోల్డర్‌లో ఉంది, దానికి యాంటీవైరస్ పెట్టిన పేరు. మెసేజ్ పోయిందనుకోండి, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ అయితే విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో ప్రొటెక్షన్ హిస్టరీ చూడండి. బయట కొన్న యాంటీవైరస్ అయితే రిపోర్ట్స్ అనో, లాగ్స్ అనో, క్వారంటైన్ అనో ఉంటుంది. అప్‌డేట్ ఆగిపోయిన టైమూ, అక్కడ రాసి ఉన్న టైమూ దగ్గర దగ్గరగా ఉంటే ఆపింది అదే. అక్కడేమీ లేకపోతే తప్పు యాంటీవైరస్‌ది కాకపోవచ్చు. డిస్క్ నిండిపోయినా, నెట్ మధ్యలో పోయినా కూడా అప్‌డేట్ ఆగుతుంది.

ఆపడంలో నాలుగు రకాలు చూశాను. లక్షణాన్ని బట్టి పోల్చుకోవచ్చు. నిన్నటిదాకా పనిచేసిన ప్రోగ్రాం ఇవాళ తెరుచుకోక "ఫైల్ దొరకలేదు" అంటే, ఫైల్ క్వారంటైన్‌లోకి పోయినట్టు. నెట్ బాగానే ఉన్నా అప్‌డేట్ సున్నా శాతం దగ్గరే నిలబడి "ఇంటర్నెట్ చూసుకోండి" అంటే, ఏ ప్రోగ్రాం నెట్‌కి వెళ్ళొచ్చో చూసే ఫైర్‌వాల్ దారి మూసింది. మొత్తం దిగాక ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు "యాక్సెస్ డినైడ్" అంటే, రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) నుంచి ఫోల్డర్లకి కాపలా కాసే రక్షణ చెయ్యి పట్టుకున్నట్టు. డిఫెండర్‌లో దాని పేరు కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్.

నాలుగోది సర్టిఫికెట్ గొడవ, అంటే వెబ్‌సైట్ తాను అసలుదేనని చూపించే గుర్తింపు పత్రం గొడవ. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నేను ఎక్కువ టైం పోగొట్టుకున్నది దీనిమీదే. "సెక్యూర్ కనెక్షన్ కుదరలేదు", "సర్టిఫికెట్ చెల్లదు" లాంటి మాటలు కనిపిస్తే ముందు గడియారం చూడండి. మా రెండో సిస్టమ్‌లో రెండు రోజులపాటు ఒక్క అప్‌డేటూ ఎక్కలేదు. యాంటీవైరస్ తీసి మళ్ళీ వేశాను, లాభం లేదు. చివరికి చూస్తే తేదీ ఎన్నో ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయి ఉంది. మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం తప్పుతుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లన్నీ చెల్లనివిగా కనిపిస్తాయి. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే అన్నీ వరసగా ఎక్కేశాయి. కరెంటు తరచూ పోయే ఊళ్ళవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

గడియారం సరిగ్గానే ఉండి ఆ మెసేజ్ వస్తుంటే, యాంటీవైరస్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ అనేది ఆన్ అయి ఉండొచ్చు. అది మన కంప్యూటర్‌కీ వెబ్‌సైట్‌కీ మధ్యలో కూర్చుని, తన సర్టిఫికెట్ చూపించి, సమాచారం విప్పి చదివి పంపుతుంది. కొన్ని అప్‌డేట్ ప్రోగ్రాములు తమ కంపెనీ సర్టిఫికెట్ కనిపిస్తేనే మాట్లాడతాయి, మధ్యవర్తిని ఒప్పుకోవు. వేలిముద్ర మెషీన్ల దగ్గర కూడా ఇది అడ్డుపడొచ్చు. ఆర్‌డీ సర్వీస్ మన కంప్యూటర్‌లోనే ఉండి, 127.0.0.1 అనే అడ్రస్‌లో, 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టుల్లో (నంబర్లున్న తలుపుల్లాంటివి) ఒకదాని దగ్గర బ్రౌజర్ పిలుపు కోసం చూస్తుంటుంది. ఆ పిలుపు అందకపోతే మెషీన్ పెట్టి ఉన్నా "డివైస్ దొరకలేదు" అంటుంది. ఒకసారి సపోర్ట్ వాళ్ళకి ఫోన్ చేస్తే వెబ్ రక్షణ మొత్తం ఆపేయమన్నారు. నేను ఆపలేదు. మినహాయింపుల్లో, అంటే యాంటీవైరస్ అడ్డుకోకుండా వదిలేసే జాబితాలో, ఆ ఒక్క అడ్రస్ చేర్చాను, సరిపోయింది.

మినహాయింపు ఇచ్చేముందు మాత్రం ఆ ఫైల్ అసలుదో కాదో చూసుకోవాలి. అది ఎక్కడినుంచి వచ్చింది? ప్రోగ్రాం లోపలినుంచి వచ్చిన అప్‌డేట్ వేరు, ఏదో వెబ్‌సైట్ చూస్తుంటే "మీ క్రోమ్ పాతబడింది, ఇక్కడ నొక్కండి" అని మీదికొచ్చేది వేరు. ఆ రెండోదానికి ఎప్పుడూ దారి ఇవ్వకండి. క్రోమ్ నిజంగా పాతబడిందో లేదో పైన మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో అబౌట్ చూస్తే అదే చెబుతుంది, అదే అప్‌డేట్ చేసుకుంటుంది. ఫైల్ చేతిలో ఉంటే దానిమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి. కంపెనీ పేరు ఉండాలి, డీటెయిల్స్ నొక్కితే సంతకం ఓకే అని రావాలి. ఆ ట్యాబే లేకపోతే సంతకం లేనట్టు. అలాంటప్పుడు నేను కంపెనీ సపోర్ట్‌తో మాట్లాడేదాకా ముట్టుకోను. సంతకం ఉన్నంతమాత్రాన నూటికి నూరుపాళ్ళు మంచిదని కాదు, కానీ నాసిరకం మోసాలు చాలావరకు ఇక్కడే పట్టుబడతాయి.

ఇంకా అనుమానం ఉంటే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో ఆ ఫైల్ ఎక్కిస్తాను. డెబ్భై దాకా యాంటీవైరస్ ఇంజిన్లు ఒకేసారి చూసి చెబుతాయి. ఒకటో రెండో మాత్రమే తప్పుపడితే పొరపాటు అయ్యుండొచ్చు. పదీ పదిహేను తప్పుపడితే ఆ ఫైల్ జోలికి పోను. ఒక్క జాగ్రత్త: అక్కడ ఎక్కించినవి భద్రతా కంపెనీలకి అందుబాటులో ఉంటాయి. ఇన్‌స్టాల్ ఫైల్ ఎక్కించండి కానీ, మనల్ని నమ్మి ఇచ్చినవాళ్ళ ఆధార్ కాపీలూ పాస్‌బుక్ స్కాన్లూ ఎప్పుడూ ఎక్కించకండి.

చాలాసార్లు ఇంతదూరం రావాల్సిన అవసరమే ఉండదు. ముందు యాంటీవైరస్‌నే అప్‌డేట్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి చూడండి. పొరపాటుగా పట్టుకున్న ఫైళ్ళని ఆ కంపెనీలే సరిదిద్దుతుంటాయి. తొందర లేని ప్రోగ్రాం అయితే నేను మర్నాటిదాకా ఆగుతాను.

ఇక మినహాయింపు. దీనిలో ఇరుకే మేలు. సీ డ్రైవ్ మొత్తానికి, డౌన్‌లోడ్స్‌కి, డెస్క్‌టాప్‌కి, టెంప్‌కి, యాప్‌డేటాకి మినహాయింపు ఇవ్వకూడదు. మాలాంటి సెంటర్లలో పెన్‌డ్రైవ్‌కి అసలే ఇవ్వకూడదు. రోజుకి పది పెన్‌డ్రైవ్‌లు ప్రింట్ కోసం వస్తాయి, ఏది ఏ ఇంట్లో ఏ కంప్యూటర్‌కి పెట్టి తెచ్చారో ఎవరికి తెలుసు? ప్రోగ్రాం ఫైల్స్ లోపల ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌కి ఇవ్వండి. ప్రోగ్రాం ఫైల్స్‌లోకి ఏదైనా రాయాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి, కాబట్టి బయటి వైరస్ అక్కడ దూరడం అంత తేలిక కాదు. అందుకే రోజువారీ పనికి నేను మామూలు అకౌంట్ వాడతాను, అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది.

వెర్షన్ నంబర్‌తో ఫోల్డర్ మారిపోయే ప్రోగ్రాములకి ఫోల్డర్ మినహాయింపు నిలవదు. మీ యాంటీవైరస్‌లో కంపెనీ సంతకాన్ని బట్టి నమ్మే సదుపాయం ఉంటే అది వాడండి, వెర్షన్ మారినా సంతకం అదే కాబట్టి చాలాకాలం పనిచేస్తుంది. ఫైర్‌వాల్ అయితే ఆ అప్‌డేట్ ప్రోగ్రాంకి మాత్రం బయటికి వెళ్ళే అనుమతి ఇస్తే చాలు. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అయితే, రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లో యాప్‌ని అలో చేసే చోటుకెళ్తే ఈమధ్య ఆపిన యాప్‌ల జాబితా ఉంటుంది. దాంట్లోంచే ఎంచుకోండి, పేరు వెతుక్కునే పని ఉండదు.

క్వారంటైన్ నుంచి ఫైల్ వెనక్కి తెచ్చేటప్పుడు వరస ముఖ్యం. ముందు మినహాయింపు, తర్వాత రీస్టోర్. తిరగేసి చేస్తే బయటికి తెచ్చిన మరుక్షణం మళ్ళీ పట్టుకుంటుంది. ఫైల్ వచ్చాక కూడా ఆ అప్‌డేట్ సగంలో ఆగినదే కాబట్టి, కంపెనీ సైట్ నుంచి ఇన్‌స్టాలర్ దింపి పైన మరోసారి వేసేయడం మంచిది. ఆర్‌డీ సర్వీస్‌కి నేను అలాగే చేశాను. ఆ తర్వాత యాంటీవైరస్ కంపెనీకి "ఇది పొరపాటు" అని పంపే ఫారం ఉంటుంది, అందులో ఆ ఫైల్ పంపండి. ఐదు నిమిషాల పని. అదే మెషీన్ వాడే పాలకొల్లు సెంటర్‌కో, రాజోలు సెంటర్‌కో మన ఇబ్బంది రాకుండా ఉంటుంది.

ఏదీ కుదరక, యాంటీవైరస్ కాసేపు ఆపక తప్పదనుకోండి. ముందే ఫైల్ దింపుకుని, సంతకం చూసుకుని, నెట్ కేబుల్ పీకి, అప్పుడు పది నిమిషాలకి ఆపి ఇన్‌స్టాల్ చేయండి. రక్షణ మళ్ళీ ఆన్ చేశాకే కేబుల్ పెట్టండి. ఏడాదిలో నేను ఇలా రెండుసార్లు చేశాను.

అసలు ఈ తాకిడి తగ్గించుకోవడం కూడా మన చేతిలోనే ఉంది. మా మూడు సిస్టమ్‌లలో వాడని సాఫ్ట్‌వేర్లు లెక్కపెడితే పదిహేను పైన తేలాయి. ఎప్పుడో పారేసిన ప్రింటర్‌ది, కంప్యూటర్‌తో ఉచితంగా వచ్చిన ట్రయల్ యాంటీవైరస్, రెండు మూడు వీడియో ప్లేయర్లు. ప్రతిదానికీ ఒక అప్‌డేటర్ ఉంటుంది. తీసేశాక సగం మెసేజ్‌లు పోయాయి. రెండు యాంటీవైరస్‌లు ఒకే కంప్యూటర్‌లో ఉంచకండి, ఒకదాని ఫైళ్ళని ఇంకొకటి అనుమానిస్తుంది.

మిగిలినవాటికి వేళ పెట్టాను. ఎండాకాలంలో కాలవలు కట్టేసి లాకులూ తూములూ బాగుచేసుకున్నట్టు, జనం లేని వేళ చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ నెలనెలా ఇచ్చే పెద్ద భద్రతా అప్‌డేట్ రెండో మంగళవారం వస్తుంది. మన టైం ప్రకారం రాత్రి పదిన్నరకి, చలికాలంలో పదకొండున్నరకి. అందుకే ఆ బుధవారం నేను గంట ముందు వస్తాను. క్రోమ్ 2023 ఆగస్టు నుంచి వారం వారం భద్రతా అప్‌డేట్ ఇస్తోంది కాబట్టి మిగతా బుధవారాలు కూడా బ్రౌజర్ మూసి తెరిచి, వేలిముద్ర మెషీన్ మీద నా వేలు ఒకసారి పెట్టి చూస్తాను. విండోస్‌లో యాక్టివ్ అవర్స్ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా పెట్టాను, పద్దెనిమిది గంటల దాకా పెట్టుకోవచ్చు. ఆ వేళల్లో అది తనంతట తాను రీస్టార్ట్ అవదు. పరీక్ష ఫీజుల చివరి తేదీల్లాంటి రోజులుంటే పాజ్ చేస్తాను. అయిదు వారాల దాకా కుదురుతుంది, కానీ వారం దాటించను.

మూడు సిస్టమ్‌లకీ ఒకేరోజు వెయ్యను. కిటికీ పక్కదానికి బుధవారం, మిగతావాటికి శుక్రవారం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయి, విమానాలు కూడా నిలిచిపోయాయి. మన దగ్గర విమానాలు లేకపోవచ్చు. రేవు దాటి వచ్చినవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఒక కంప్యూటరైనా పనిచేస్తూ ఉండాలి.

మీది ఇంకా విండోస్ 10 అయితే ఇంకో సంగతి. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అదనపు భద్రతా అప్‌డేట్లలో చేరిన ఇంటి కంప్యూటర్లకి 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. అప్‌డేట్లు రావడం లేదంటే యాంటీవైరస్‌ని అనుమానించే ముందు ఇది చూసుకోండి.

చివరగా, టేబుల్ సొరుగులో ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ రోజు, ఏ సిస్టమ్‌లో, ఏ ప్రోగ్రాంకి, ఏ ఫోల్డర్‌కి మినహాయింపు ఇచ్చామో, ఎందుకిచ్చామో రాసుకోవాలి. మూడు నెలలకోసారి ఆ జాబితా ముందు పెట్టుకుని, అక్కర్లేనివి తీసేస్తాను. కిందటిసారి తొమ్మిదిలో నాలుగు తీసేశాను, ఏదీ ఆగలేదు. మొదటి పేజీలో పైన ఆర్‌డీ సర్వీస్ పేరు ఉంది. దాని కింద ఆ పెద్దాయన మళ్ళీ రావాల్సిన నెల రాసుకున్నాను, ఆయన వచ్చే ముందురోజే మెషీన్ చూసుకోవడానికి.